పెద్ద డబ్బా, చిన్న డబ్బా, మా మామగారి కోటు

ఓడలు ఒడ్డుకెక్కడం మా విశాఖపట్నం చూసింది. తుఫానుకి కొబ్బరిచెట్లు రోడ్డు మీద బోర్లా పడుకోవడం చూసింది. కానీ ఒక రిటైర్డు హెడ్మాస్టరుని బతికుండగానే గోడకి అతికించడం మాత్రం నా చలవ వల్లనే చూసింది. ఆయన్ని అతికించాలని నేను అనుకోలేదు. ఇంటిని అందంగా ఉంచాలనుకున్నాను, అంతే. ఈ రెంటికీ మధ్య ఎంత తక్కువ దూరం ఉందో ఇప్పుడు చెబుతాను. మీరు గోడకి ఆనుకుని చదువుతున్నట్లయితే, ఎందుకైనా మంచిది, కాస్త ముందుకు జరగండి.

డెబ్బైల నడిమి మాట. నాకు ఇరవై ఆరేళ్లు. పోర్టులో గుమాస్తా ఉద్యోగం. ఓడలోంచి దిగే బస్తాలనీ పెట్టెలనీ చూసి, కాగితం మీద గీతలు గీయడం నా పని. ఈ పనికి కావలసిన తెలివిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను బస్తాలు లెక్కపెట్టిందీ వేళ్ల మీదే. అయినా ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే "పోర్టు" అని ఊరుకునేవాణ్ణి, క్రేన్లతో సహా మొత్తం నా పేర రాసిచ్చినట్టు.

వన్‌టౌన్‌లో ఒక సందు, ఆ సందులో నూకాలమ్మ గారి మేడ, ఆ మేడ కింద రెండు గదులు మా కాపురం. నూకాలమ్మ గారు పైన, ఆవిడ కోళ్లు మధ్యలో, మేం కింద. సముద్రపు గాలికి ఉప్పెక్కిన గోడలు. పెచ్చులు ఎప్పుడూ రాలుతూనే ఉండేవి. పొద్దున్న లేచేసరికి మంచం మీద మేమిద్దరం, మా మీద గోడ.

నా భార్య కరుణ దీనికి అలవాటుపడింది. ఆమెను పురిటికి తీసుకెళ్లడానికి పార్వతీపురం నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారు మాత్రం అలవాటు పడలేదు. ఆయన రత్నంగారు. ఉద్యోగం రిటైరైంది గాని హెడ్మాస్టరుతనం కాలేదు. నేను రాసిన ఉత్తరాలకు ఎర్ర సిరాతో తప్పులు దిద్ది తిరిగి పంపేవారు. రోహిణీకార్తె ఎండలో కూడా నల్లకోటు వేసుకునేవారు. ఆ కోటు లేకుండా ఆయన్ని చూసిన మనిషి భూమ్మీద లేడు. కోటుతోనే పుట్టారని పార్వతీపురంలో సగం మంది నమ్మకం. మిగతా సగం ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, వాళ్లకి నమ్మకం కాదు, ఖాయం.

ఆ రోజు ఆయన పెన్సిలు తీసి, అనుమానంగా గోడ మీద ఒక్కసారి తట్టారు. చేటంత పెచ్చు వచ్చి ఆయన టీ గ్లాసులో పడింది. ఆయన గ్లాసుని చూశారు, గోడని చూశారు, చివరికి నన్ను చూశారు. మూడింటిలోనూ నేనే తీసికట్టని తేల్చుకున్నట్టున్నారు.

"అల్లుడూ, ఈ గోడలు రాలుతున్నంత కాలం పుట్టబోయే బిడ్డను ఈ గదిలో పడుకోబెట్టే ప్రసక్తి లేదు" అని, కరుణను తీసుకుని వెళ్లిపోయారు.

పాప పుట్టింది. నెలలు గడిచాయి. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి పాపని చూసి, మొహం వేలాడేసుకుని వచ్చేవాణ్ణి. అయిదో నెలలో ఉత్తరం వచ్చింది, ఆయన చేతి రాత. ఆదివారం పొద్దున్న తల్లీ బిడ్డలను తీసుకువస్తారు. మా చర్చి సంఘం అయ్యగారు ఇంటికి వచ్చి పాప కోసం ప్రార్థన చేస్తారు. గోడలు సంతృప్తికరంగా ఉంటే తల్లీ బిడ్డా ఉంటారు. లేకపోతే సాయంత్రం బండికి ముగ్గురూ వెనక్కి. అదే కవరులో కరుణ వేరే చీటీ పెట్టింది: "గోడకి రెండు పూతలు సున్నం వేయించండి, చాలు. ఇంకేమీ ఆలోచించకండి."

చదువరులారా, ప్రపంచంలో ఏ భార్యా ఇంతకంటే క్లుప్తంగా, ఇంతకంటే మంచి సలహా ఇచ్చి ఉండదు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టాను.

తప్పు నాది కాదు, ఒక కేప్టెన్ గదిది. ఆ వారమే ఏదో విదేశీ ఓడలో కాగితాల మీద సంతకానికి వెళ్లి ఆ గది చూశాను. గోడలు సముద్రం రంగులో నిగనిగలాడుతున్నాయి. దువ్వెన ఉంటే గోడలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. చుట్టూ ఉప్పు నీళ్లే, ఒక్క పెచ్చు లేదు. అంత ఉప్పులో ఓడ గోడకి లేని రోగం, నా గోడకి ఎందుకు రావాలి? ఓడకి వేసే రంగు వెయ్యక. సున్నమేమిటి, పోర్టులో పనిచేసే మనిషి సున్నం కొట్టించుకోవడమేమిటి, ముత్యాలవాడు పూసలు అరువడిగినట్టు.

పాత ఓడల్ని విడగొట్టినప్పుడు వచ్చే సామాను అమ్మే కొట్లు మా ఊళ్లో ఉండేవి. వాటిలో అప్పలరాజు కొట్టుకి వెళ్లాను. అరగంటలో ఓ కాపురానికి సరిపడా అందం ఏరుకున్నాను. ఇత్తడి చుట్టు ఉన్న ఓడ కిటికీ ఒకటి, అద్దం బిగిస్తే గోడకి తగిలించుకోవచ్చు. వలలు తేలడానికి కట్టే ఆకుపచ్చ గాజు బుడ్లు ఆరు, తాడుతో వేలాడదీస్తే పాప ఆడుకుంటుంది. ఓడ భోజనాల గదిలోవి రెండు టేకు కుర్చీలు. చివరికి మూల నుంచి అప్పలరాజు రెండు డబ్బాలు తీశాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ కలిపి సుతిలి తాడుతో కట్టి ఉన్నాయి. వాటి మీద ఏదో దేశపు భాష. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు గనక, గొప్ప సరుకే అయి ఉండాలనుకున్నాను.

"సూడండి బాబూ, ఈ పెద్ద డబ్బా రంగు. ఈ సిన్న డబ్బా ఉంది సూసేరా, ఇది..."

"నాకు తెల్దేటి? నాను పోర్టోణ్ణి" అన్నాను.

"అది కాదు బాబూ, ఇది పూసీ ముందల..."

"రంగెలా పూయాలో కూడా సెప్తావేటి నాకు? కట్టీ."

సంతకి నవ్వుకుంటూ వెళ్తున్న గొర్రెని చూసినట్టు అప్పలరాజు నన్ను ఒకసారి చూసి, సామాను రిక్షాలో పెట్టించాడు.

ఇంటికొచ్చి మూతలు తీశాను. పెద్ద డబ్బాలో సముద్రం రంగు చిక్కగా ఉంది. చిన్న డబ్బాలో తేనెలాంటి జిగురు, రంగు లేదు. నా బుర్ర వెంటనే పనిచేసింది. నా జీవితంలో అది వెంటనే పనిచేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు నష్టపోయారు. పెద్దది గోడలకి, చిన్నది కుర్చీలకి వార్నీషు. లేకపోతే రెండు డబ్బాలెందుకిస్తాడు? చిన్న డబ్బా చేపల వాసన వేసింది. మా పేటలో చేపల వాసనని వాసన కింద లెక్కవేయరు.

గురువారం సెలవుపెట్టి గోడలకి రంగు, కుర్చీలకి వార్నీషు పూశాను. సాయంత్రానికి ఇల్లు కేప్టెన్ గదిలా మెరిసిపోయింది. గడపలో నిలబడి నాకు నేనే సలాం కొట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున్న గోడ మీద వేలు పెడితే, వేలి ముద్ర గోడ మీదా, గోడ నా వేలి మీదా ఉన్నాయి. ఇంకా ఆరలేదనుకున్నాను. శనివారం పొద్దున్న చెయ్యి పెడితే చెయ్యి తీయడానికి రెండో చెయ్యి కావలసి వచ్చింది. ఈలోగా దోమలు వాలాయి, వాలినవి వాలినట్టే ఉండిపోయాయి. కేలెండరు ఎగిరి అతుక్కుని పంతొమ్మిదో తేదీ దగ్గర ఆగిపోయింది. వీటన్నిటికీ పైన మా పేట గాలి. పోర్టులో ఇనుప ఖనిజం గుట్టల మీదుగా వచ్చే ఎర్ర ధూళి మామూలు రోజుల్లో మా అన్నంలోనే సగం పడేది. అలాంటిదానికి జిగురు గోడ దొరికితే ఊరుకుంటుందా? శనివారం మధ్యాహ్నానికి నా సముద్రం పండుమిరప పచ్చడి రంగుకి తిరిగింది.

నూకాలమ్మ గారు గుమ్మంలోకి వచ్చి చాలాసేపు చూశారు.

"ఏటి బాబూ, గోడకి బెల్లంపాకం పూసీనావేటి? నా పుంజు నీ ఇంట్లోకొచ్చి తోక ఒగ్గీసి వొచ్చింది."

"ఆరిపోద్దండి. ఓడ రంగు కదా, నిదానంగా ఆరతాది."

"ఓడ ఎప్పుడూ నీటిలోనే ఉంటాది కదా నాయనా, అదెప్పుడారింది?"

నేను గోడవైపు తిరిగి విసనకర్రతో విసరడం మొదలుపెట్టాను.

రేపు పొద్దున్నే బండి. కరుణా పాపా ఇంట్లో ఉండడమా, వెళ్లిపోవడమా అన్నది ఈ గోడల చేతిలో ఉంది. ఈ గోడలేమో చేతికి దొరికిన ప్రతిదాన్నీ పట్టుకుంటున్నాయి. నాకు దిక్కుతోచలేదు. పాప కోసం కొని దాచిన పౌడరు డబ్బాలు మూడున్నాయి. వాటిని గోడ మీద చల్లాను. ఎరుపు మీద తెలుపు పడి గులాబీ రంగు వచ్చింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గర నుంచి చూస్తే ఈగలు కనిపిస్తున్నాయి. వీధి గుమ్మం పక్క గోడ దగ్గరకి వచ్చేసరికి పౌడరు అయిపోయింది. ఆ మూల మూడు చదరపు గజాలు మిగిలిపోయింది. ఎవరు వెళ్లి ఆ మూల నిలబడతారులే అనుకున్నాను. కుర్చీలు కూడా ఆరలేదు. సీట్ల మీద తువాళ్లు పరిచాను. కుర్చీకి వీపు కూడా ఉంటుందని తట్టలేదు.

ఆదివారం రిక్షా దిగారు. ముందు కోటు, కోటులో మామగారు, వెనక పాపనెత్తుకుని కరుణ. కరుణ ఒక్క చూపులో గోడల్ని చూసి, నా పక్కకి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఏటి సేసినారు?"

"కేప్టెన్ గది."

"సున్నం కొట్టించమన్నాను కదండీ."

కానీ విచిత్రం చూడండి, మామగారికి నచ్చింది. పెన్సిలు తీసి గోడకి జానెడు దూరంలో పట్టుకుని పరీక్షగా చూశారు. పెచ్చులు రాలలేదు. ఎలా రాలతాయి, రాలినవి కూడా జిగురుకి అక్కడే అతుక్కున్నాయి. ఆకుపచ్చ గాజు బుడ్లు చూసి పాప రెండు చేతులూ చాచి కేరింతలు కొట్టింది. ఓడ కిటికీ అద్దంలో ఆయన మీసం సర్దుకున్నారు. "ఊఁ" అన్నారు. ఆయన నోట ఊఁ అంటే, వేరేవాళ్ల నోట ఒక సన్మానసభ. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. నేను మనసులో కరుణ పెట్టె లోపలి గదిలోకి చేర్చేసి, చీరలు కూడా సర్దేశాను.

అంతలో అయ్యగారు వచ్చారు. ఆయన వెనకే నూకాలమ్మ గారు కూడా దిగివచ్చారు. ఏ దేవుడికి దండం పెట్టినా పాపకి మంచిదే కదా అన్నది ఆవిడ సిద్ధాంతం. ఉన్నవి రెండు కుర్చీలు. ఒకటి అయ్యగారికి. రెండోదాని మీద మామగారు. మోకాళ్ల నొప్పుల మనిషి నిలబడి ఉండగా తాను కూర్చోవడం ధర్మం కాదని ఆయన లేచి, నూకాలమ్మ గారిని కూర్చోబెట్టి, అదిగో, వీధి గుమ్మం పక్క మూలకి వెళ్లి నిలబడ్డారు. జీవితంలో మనిషిని చెడగొట్టేవి చెడ్డ గుణాలే అనుకుంటాం. మంచి గుణాలకి కూడా ఆ శక్తి తక్కువేమీ కాదు.

నేను నోరు తెరిచేసరికి అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నా కళ్లు మాత్రం మూతపడలేదు. ప్రార్థనలో కేక వేయకూడదు. చేయి ఊపితే చూసేవాళ్లు లేరు. అయ్యగారి ప్రార్థన మా సంఘంలో పేరుమోసింది. ఏదెను తోటలో బయలుదేరి, యోర్దాను నది దాటేసరికే పెళ్లివారింట్లో అన్నం ఉడికిపోయేది. మామగారు భక్తిలో లీనమై మెల్లగా, గడియారం ముల్లులా, వెనక్కి వాలుతున్నారు. ఆయన కోటు వీపు నిండా కుర్చీ వార్నీషు నిగనిగలాడుతోంది. అంగుళం. అర అంగుళం. ఆ తర్వాత అంత మనస్ఫూర్తిగా నేను ఎన్నడూ ప్రార్థన చెయ్యలేదు.

ఆమేన్ వినిపించేసరికి గంటంపావు అయింది. అందరూ కదిలారు. మామగారు కదల్లేదు.

"అల్లుడూ" అన్నారు నిబ్బరంగా, "నన్ను ఎవరో వెనకనుంచి పట్టుకున్నారు."

"వెనక ఎవరూ లేరండి."

"మరి ఎందుకు వదలడం లేదు?"

నేను ఒక చెయ్యి, అయ్యగారు ఒక చెయ్యి పట్టుకుని లాగాం. మామగారు వచ్చేలా ఉన్నారు, కోటు రానంది. గురువారం నుంచి తడిగా ఉన్న గోడ ఆ ఒక్క చోట రాయిలా గట్టిపడింది. మీరు నమ్మకపోయినా నేనేం అనుకోను. నేను కళ్లారా చూసి కూడా నమ్మలేదు.

"కోటు ఇప్పీయండి బాబూ, మడిసి బయటికొచ్చీవచ్చు" అన్నారు నూకాలమ్మ గారు.

"కోటు తీయను" అన్నారు మామగారు. ఆయన గొంతులో ఎన్నడూ వినని బెదురు ఉంది.

ఆయన అక్కడే నిలబడి టీ తాగారు. అక్కడే నిలబడి భోజనం చేశారు, కరుణ పళ్లెం పట్టుకుంటే. అక్కడి నుంచే పాపకి జోల పాడారు. ఆయన్ని అలా వదిలి వెళ్లలేక అయ్యగారూ నూకాలమ్మ గారూ ఉండిపోయారు. సాయంత్రం బండికి గంట టైముందనగా ఇక తప్పక, ఒక్కొక్క బొత్తామూ విప్పి, చేతులు వెనక్కి లాక్కుని, వీపు గోడవైపే ఉంచుకుని పీతలా పక్కకి జరగబోయారు. నూకాలమ్మ గారి పుంజు తన తోక వెతుక్కుంటూ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. అదిరిపడి ఆయన వెనక్కి తిరిగారు.

చొక్కాకి కాలరు ఉంది, ముందు భాగం ఇస్త్రీతో నిలబడి ఉంది, చేతుల మడతలు కత్తిలా ఉన్నాయి. వీపు లేదు. ఉండాల్సిన చోట నాలుగు అతుకులు, వాటి మధ్య ఆయన. నా గోడ ఎంత రాలినా పాపం గోడే. ఈ చొక్కా గోడని కూడా దాటిపోయింది.

అయ్యగారు గాజు బుడ్లను ఎన్నడూ చూడనట్టు చూడసాగారు. నూకాలమ్మ గారు పుంజుని తిట్టుకుంటూ మెట్లెక్కారు. కరుణ లేచి, దుప్పటి తెచ్చి నాన్నగారి భుజాల చుట్టూ కప్పి, లోపలి గదిలోకి తీసుకెళ్లింది. బండి దాని టైముకి అది వెళ్లిపోయింది.

మర్నాడు అప్పలరాజు దగ్గరికి పరుగెత్తాను. వాడు అంతా విని, కాసేపు తన చెప్పుల్ని చూసుకున్నాడు.

"ఆ రెండూ కలపాల బాబూ. పెద్దదాంట్లో సిన్నది పోసి కలిపితేనే గట్టిపడతాది. కలపకపోతే రెండూ జన్మలో ఆరవు. గోడకోటి, కుర్చీకోటి పూసినారేటి?"

"నువ్వు సెప్పలేదు కదరా."

"సెప్తన్నాను కదా బాబూ. మీరు పోర్టోళ్లన్నారు."

అదన్నమాట. నేను విడదీసి పూసిన ఆ రెండు డబ్బాలని కలిపింది మామగారి వీపు ఒక్కటే. కోటుని కత్తితో గీకాను, కిరసనాయిలు పోశాను, బతిమాలాను. చివరికి చుట్టూ కత్తిరించి ముందు భాగం తీసుకున్నాం, వీపు గోడకి దక్కింది. టైలరుకి పెళ్లిళ్ల సీజను. కోటుకి తొమ్మిది రోజులన్నాడు. కోటు లేకుండా మామగారు వీధిలోకి రారు. నా చొక్కాలు ఆయనకి మోచేతి దగ్గరే ఆగిపోయాయి. కోటుతోపాటు రెండు చొక్కాలు కూడా కుట్టమని టైలరుకి చెప్పి రమ్మంది కరుణ.

దుప్పటి కప్పుకుని రెండు రోజులు ఆ ఈగల గోడల్ని చూస్తూ కూర్చున్నారు మామగారు. మూడో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి దుప్పటి నడుముకి బిగించి, పారతో గోడ గీకుతున్నారు. "సున్నం తే" అన్నారు. తెచ్చాను. ఆయనే నానబెట్టారు, ఆయనే కుంచె కట్టారు, నన్ను నిచ్చెన పట్టుకోమన్నారు. నేను కొట్టిన గోడని రెండుసార్లు కొట్టివేసి మళ్లీ కొట్టించారు. పాప గాజు బుడ్ల కింద పడుకుని తాతగారి మీసం మీది సున్నాన్ని చూసి నవ్వేది. ఆయన నిచ్చెన మీదినుంచి కోప్పడినట్టు చూసి, అదే మీసం మళ్లీ ఆడించేవారు.

తొమ్మిదో రోజు కోటు వచ్చింది. వేసుకున్నారు. పెన్సిలు తీసి నాలుగు గోడలూ తట్టారు. ఏదీ రాలలేదు.

"నూటికి ముప్పై అయిదు" అన్నారు.

"నాన్నా, కొట్టింది మీరే" అంది కరుణ.

ఆయన కాసేపు ఆలోచించి, "నలభై" అన్నారు. సాయంత్రం బండికి ఒక్కరే వెళ్లారు.

వెళ్తూ వెళ్తూ దారిలో అప్పలరాజు కొట్టు దగ్గర రిక్షా ఆపించారట. రెండు డబ్బాలు కొన్నారట. నాకీ సంగతి నెల తర్వాత అత్తగారి ఉత్తరంలో తెలిసింది. పార్వతీపురంలో వీధి తలుపులకి పూద్దామని ఆయన రెండు డబ్బాలూ పద్ధతిగా కలిపారట. కలిపాక ఎంతసేపట్లో పూయాలో కొట్టు దగ్గరే అప్పలరాజు చెప్పబోతే, "నేను ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుని" అన్నారట. మజ్జిగన్నంతో భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చేసరికి డబ్బా డబ్బా అంతా బండరాయి, అందులో నిటారుగా నిలబడి కుంచె. ఇప్పుడు దాన్ని తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నారట. అత్తగారి ఉత్తరాలు కూడా ఆయన దిద్దాకే వచ్చేవి, ఈ ఉత్తరం మాత్రం ఎర్ర సిరా దిద్దుళ్లు లేకుండా వచ్చింది.

మా ఇంటి గోడ మూలన ఆ నల్ల వీపు అలాగే ఉంది, ఎన్ని సున్నాలు కొట్టినా రెండేళ్లకి మళ్లీ తేలుతుంది. ఆ వీపు మీద కుడిచెయ్యి వేసి, నిండు మనసుతో, మా నూకాలమ్మ గారి పుంజు తోక సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది: ఇక ముందు ఈ ప్రాణం ఉన్నంతవరకు, సుతిలితో కట్టిన రెండు డబ్బాలు చూపించి ఎవరైనా నోరు తెరిస్తే, నేను నా నోరు మూసుకుంటాను. చెయ్యి మాత్రం, ప్రమాణం అయ్యీ అవగానే తీసేస్తాను.